డెల్టాలో పరుగుకూ సైకిలుకూ జీపీఎస్ వాచీ ఎంచుకునే పద్ధతి

పరుగుకూ సైకిలుకూ కలిపి ఒకే జీపీఎస్ వాచీ కొనాలనుకునేవారు సాధారణంగా రెండు మూడు మోడళ్లను పక్కపక్కన పెట్టుకొని, దేనిలో ఎక్కువ సదుపాయాలు ఉన్నాయో లెక్కపెట్టి, ఆ లెక్కను ధరతో పోల్చి నిర్ణయానికి వస్తారు. ఇందులో ఉన్న చిక్కు ఏమిటంటే, ధరను బాగా పెంచే సదుపాయాల్లో చాలావరకు కొండలెక్కేవారి కోసం, అడవిదారుల్లో తిరిగేవారి కోసం తయారైనవి. ధవళేశ్వరం ఆనకట్ట దాటి దిగువకు వస్తే ఇటు అంతర్వేది వరకు, అటు యానాం వరకు నేల పళ్లెంలా పరుచుకొని ఉంటుంది. వంతెన ఎక్కడమే మనకు కొండెక్కడం. ఇక్కడ మనిషినీ వాచీనీ పరీక్షించేవి ఎండ, చెమట, కొబ్బరి తోటల నీడ, సముద్రం వైపు నుంచి వచ్చే ఎదురుగాలి. అందువల్ల సదుపాయాల పట్టికను పక్కన పెట్టి, ఈ నాలుగింటికి వాచీ తట్టుకుంటుందా లేదా అన్న ప్రశ్నతో మొదలుపెట్టడం మంచిది.

ముందుగా మీ వారాన్ని కాగితం మీద రాయండి

వారంలో ఎన్ని రోజులు పరుగెత్తుతున్నారు, ఎన్ని రోజులు సైకిలు తొక్కుతున్నారు, రాబోయే ఏడాదిలో మీరు చేయదలచిన అతి పొడవైన ప్రయాణం ఏది అన్న మూడు విషయాలను రాసుకోండి. చేయాలని ఆశ ఉన్నవాటిని కాక, గత 2 నెలల్లో నిజంగా చేసినవాటిని రాయడం ముఖ్యం. ఆశను చూసి కొన్న వాచీలు మేకుకు వేలాడుతూ ఉండటం నేను చాలా ఇళ్లలో చూశాను.

ఈ కాగితం నుంచే బ్యాటరీ లెక్క తేలుతుంది. 42.195 కిలోమీటర్ల మారథాన్‌ను 5 గంటల్లో ముగించే మనిషికి ఇప్పుడు దొరికే ఏ మంచి వాచీ అయినా సరిపోతుంది. సుదూర సైక్లింగులో అయితే లెక్క మారిపోతుంది. బ్రెవె ప్రయాణాలకు, అంటే గడువులోగా ముగించాల్సిన సుదూర సైకిలు ప్రయాణాలకు, నిర్ణయించిన గడువు 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు. కంపెనీల లెక్క ప్రకారం కేవలం జీపీఎస్ నడిచేటప్పుడు గార్మిన్ ఫోర్‌రన్నర్ 55, 265 మోడళ్లు 20 గంటలు, ఫోర్‌రన్నర్ 255 మోడల్ 30 గంటలు, కోరోస్ పేస్ 3 మోడల్ 38 గంటలు పనిచేస్తాయి. ఆ అంకెలు కొత్త బ్యాటరీకి సంబంధించినవి. పైగా రెండు పౌనఃపున్యాల జీపీఎస్, పాటలు, ఎప్పుడూ వెలిగి ఉండే స్క్రీన్ వాడితే ఆ గంటలు త్వరగా కరిగిపోతాయి. నేనైతే ప్రకటించిన గంటల్లో మూడింట రెండు వంతులనే నమ్ముతాను. అంటే 200 కిలోమీటర్ల ప్రయాణం మీ కాగితంలో ఉంటే 20 గంటలు, 300 ఉంటే 30 గంటలు రాసి ఉన్న వాచీని చూడాలి, లేదా దారిలో పవర్ బ్యాంకు పెట్టుకొని ఛార్జింగు చేస్తూనే నమోదు కొనసాగించే వీలు దానికి ఉందో లేదో కనుక్కోవాలి.

తర్వాత స్క్రీనునూ బొత్తాలనూ చూడండి

స్క్రీన్లు ముఖ్యంగా రెండు రకాలు. అమోలెడ్ స్క్రీన్ రంగురంగులుగా, నీడలో కళ్లకింపుగా ఉంటుంది, తన వెలుగుతోనే వెలుగుతుంది కాబట్టి బ్యాటరీని ఎక్కువగా తాగుతుంది. మిప్ అనే రెండో రకం స్క్రీన్ పైనబడిన వెలుతురును తిప్పి పంపి అక్షరాలను చూపుతుంది. దుకాణంలో ట్యూబులైటు కింద వెలిసిపోయినట్టు కనిపించినా, ఏప్రిల్ నెలలో ఉదయం 8 గంటలకే నెత్తిమీదికి వచ్చినట్టుండే ఎండలో దాని మీద అంకెలు ఇంకా స్పష్టంగా కనిపిస్తాయి. ఇటీవలి అమోలెడ్‌లు కూడా ఎండలో చదవడానికి వీలుగానే వస్తున్నాయి, కాబట్టి ఇది కళ్లకు సంబంధించిన ఇష్టం. ఒక్క పని మాత్రం తప్పక చేయండి: వాచీని దుకాణం గుమ్మం దాటించి ఎండలోకి తెచ్చి, చెయ్యి చాచి, చత్వారం ఉన్నవారైతే కళ్లద్దాలు తీసేసి, పేస్ అంకె, అంటే కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు పడుతున్నదో చెప్పే అంకె, చదవగలుగుతున్నారేమో చూడండి.

బొత్తాల విషయంలో నాకు సందేహం లేదు. అరగంట పరుగెత్తేసరికి వేళ్ల నుంచి కూడా చెమట కారే ఈ గాలిలో, వానాకాలంలో మరీనూ, తాకితే పనిచేసే స్క్రీన్ తాకినప్పుడు పలకదు, నీటిబొట్టు పడినప్పుడు మాత్రం తనంతట తాను పలుకుతుంది. మొదలుపెట్టడం, ఆపడం, ల్యాప్ కొట్టడం (ఒక విడత ముగిసిందని గుర్తు పెట్టడం) అనే మూడు పనులూ బొత్తంతో చేయగలిగే వాచీనే తీసుకోండి.

ఉపగ్రహాల లెక్క: కొబ్బరి తోటలో ఏం జరుగుతుంది

జీపీఎస్ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సమయసంకేతాలు పంపుతాయి. వాచీ కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందుకొని, ఒక్కొక్కటి చేరడానికి పట్టిన కాలాన్ని బట్టి తానున్న చోటును లెక్కగడుతుంది. ఆ సంకేతం కాంతివేగంతో వస్తుంది కాబట్టి కాలంలో సెకనులో పదిలక్షల వంతు తేడా వచ్చినా దూరంలో 300 మీటర్ల తప్పు వస్తుంది. ఏటిగట్టు మీద ఆకాశం నాలుగు వైపులా తెరుచుకొని ఉంటుంది, అక్కడ చౌక వాచీకీ ఖరీదైన వాచీకీ తేడా కనిపెట్టడం కష్టం. కొబ్బరి తోటల మధ్య సన్నని సిమెంటు రోడ్డు మీద, అందులోనూ వాన వెలిసిన తర్వాత ఆకులు నీళ్లోడుతున్నప్పుడు, సంకేతం బలహీనపడుతుంది. ఆకుల్లోని, ఆకుల మీది నీరు ఆ తరంగాలను పీల్చుకుంటుంది. పట్టణంలో మేడల గోడలకు తగిలి తిరిగివచ్చే సంకేతం మరో రకం తప్పును తెస్తుంది, అది ఆలస్యంగా చేరి మిమ్మల్ని పక్క వీధిలో ఉన్నట్టు చూపిస్తుంది.

రెండు పౌనఃపున్యాల జీపీఎస్ అని రాసి ఉన్న వాచీలు 1575.42 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే ఎల్1 సంకేతంతోపాటు 1176.45 మెగాహెర్ట్జ్ దగ్గర వచ్చే ఎల్5 సంకేతాన్ని కూడా అందుకుంటాయి. తిరిగివచ్చిన సంకేతాన్ని అసలు సంకేతం నుంచి విడదీయడంలో ఇది బాగా సాయపడుతుంది. అందువల్ల రాజమహేంద్రవరం, కాకినాడ వీధుల్లో రోజూ పరుగెత్తేవారికి దీని ఫలితం స్పష్టంగా కనిపిస్తుంది, తోటల్లో పరుగెత్తేవారికి కొంత కనిపిస్తుంది, కాలువ గట్టు మీద పరుగెత్తేవారికి దాదాపు కనిపించదు. మీ దారిలో సగానికి పైగా తోటలు గానీ మేడలు గానీ ఉంటే దీనికి డబ్బు పెట్టండి. లేకపోతే జీపీఎస్‌తోపాటు రష్యా ఉపగ్రహాలైన గ్లోనాస్‌నూ ఐరోపా ఉపగ్రహాలైన గెలీలియోనూ అందుకునే ఒక్క పౌనఃపున్యపు వాచీ చాలు. మన దేశపు నావిక్ పేరు పెట్టె మీద ఉంటే సంతోషమే, అయితే ఆ ఒక్క పేరు కోసం ఎక్కువ చెల్లించనక్కరలేదు.

ఎంత మంచి వాచీకైనా ఒక అలవాటు అవసరం. ఇల్లు దాటేముందు దాన్ని ఫోనుతో కలిపి ఉపగ్రహాల తాజా సమాచారం దించుకోనివ్వండి, ఆపైన చెట్టు నీడలో కాకుండా ఆరుబయట నిలబడి, ఉపగ్రహాలు దొరికినట్టు గుర్తు వచ్చాకే మొదలుపెట్టండి. ఫోను సమాచారం లేకపోతే ఒక్కొక్క ఉపగ్రహపు కక్ష్య వివరాలను ఆకాశం నుంచే తీసుకోవడానికి దాదాపు 30 సెకన్లు పడుతుంది, సంకేతం మధ్యలో తెగితే మళ్లీ మొదటికి వస్తుంది. "మొదటి కిలోమీటరు ఎప్పుడూ తప్పే చూపిస్తుంది" అని విసుక్కునేవారిలో ఎక్కువమంది అరుగు దిగుతూనే బొత్తం నొక్కేవారు.

గుండెవేగం కొలిచే తీరు

మణికట్టు కింద మెరిసే ఆకుపచ్చ దీపాలు చర్మంలోకి వెలుతురు పంపి, రక్తం ఉప్పొంగినప్పుడల్లా తిరిగివచ్చే వెలుతురులో కలిగే మార్పును బట్టి గుండెవేగాన్ని అంచనా వేస్తాయి. నిలకడగా పరుగెత్తేటప్పుడు ఇది చాలావరకు సరిగానే ఉంటుంది. పట్టీ వదులుగా ఉన్నా, చెమటకు వాచీ జారినా, ముంజేతి మీద పచ్చబొట్టు ఉన్న చోట దీపాలు పడినా లెక్క చెడుతుంది. పాతతరం పద్ధతిలో మణికట్టు దాకా పచ్చబొట్టు పొడిపించుకున్నవారు వాచీని రెండో చేతికి పెట్టుకోవాలి. ఇంకో పొరపాటును కనిపెట్టడం కష్టం: నిమిషానికి 170 నుంచి 180 అడుగులు పడుతున్నప్పుడు వాచీ ఆ అడుగుల అదురునే గుండెవేగమని భ్రమపడి అదే అంకె చూపిస్తుంది. నెమ్మదిగా మాట్లాడుకుంటూ పరుగెత్తుతున్న మీకు 176 కనిపిస్తే, కంగారు పడకుండా ముందు అడుగుల అంకెతో పోల్చి చూడండి.

సైకిలు మీద పరిస్థితి ఇంకా భిన్నంగా ఉంటుంది. హ్యాండిల్ బారును బిగించి పట్టుకొని మణికట్టు వంచి ఉంచడం వల్ల, గతుకుల రోడ్డు కుదుపు వల్ల, మణికట్టు లెక్క తరచు తడబడుతుంది. అందుకే ఉన్న డబ్బంతా వాచీకే పోయకుండా, గుండెవేగాన్ని ఛాతీ దగ్గరే కొలిచే ఒక ఛాతీపట్టీకి కొంత మిగుల్చుకోండి. ఒక మెట్టు తక్కువ వాచీ, దానితోపాటు ఛాతీపట్టీ కొన్నవారికి, పై మెట్టు వాచీ ఒక్కటే కొన్నవారికంటే నమ్మదగిన లెక్క దొరుకుతుందని నా అనుభవం.

ఉక్కపోతలో ఇదంతా ఎందుకు ముఖ్యమో కూడా గమనించాలి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు, అదే వేగంలో ఉన్నా గుండెవేగం గంట గడిచేకొద్దీ పైకి పాకుతుంది. మే నెలలో జనవరి నాటి పేస్ కోసం పట్టుబడితే దెబ్బతినేది మీరే. ఎండాకాలంలో పేస్‌ను వదిలి గుండెవేగాన్ని పట్టుకుని పరుగెత్తడం క్షేమం. ఎండలో పరుగెత్తినందుకు వాచీ మీ దారుఢ్యపు అంకెను తగ్గించి చూపినా మనసు కష్టపెట్టుకోకండి.

సైకిలుకు ఏమేమి కలుస్తాయి

పెట్టె మీద సైక్లింగ్ అని రాసి ఉన్నంత మాత్రాన అన్ని సెన్సర్లూ కలుస్తాయని అనుకోకూడదు. సెన్సర్లు ఏఎన్‌టీ ప్లస్, బ్లూటూత్ అనే రెండు మార్గాల్లో మాట్లాడతాయి. కోరోస్ పేస్ 3 బ్లూటూత్ సెన్సర్లనే అందుకుంటుంది, కాబట్టి ఏఎన్‌టీ ప్లస్ మాత్రమే ఉన్న పాత సెన్సర్ మీ దగ్గరుంటే అది దానికి పనికిరాదు. ఫోర్‌రన్నర్ 55, 165 మోడళ్లకు వేగం, క్యాడెన్స్ (నిమిషానికి పెడల్ ఎన్ని చుట్లు తిరిగిందన్న లెక్క) సెన్సర్లు కలుస్తాయి, తొక్కే శ్రమను వాట్లలో కొలిచే పవర్ మీటరు కలవదు. 255, 265 మోడళ్లకు అదీ కలుస్తుంది. పవర్ మీటరు కొనే ఆలోచన ఎప్పటికైనా ఉంటే ఈ ఒక్క వాక్యం మీ ఎంపికను నిర్ణయించాలి. గాలే కొండగా ఉన్న చోట దాని విలువ ఎక్కువ: నరసాపురం వైపు ఎదురుగాలిలో గంటకు 20 కిలోమీటర్లు, తిరుగు ప్రయాణంలో గాలి వీపున తడుతుంటే 32 కిలోమీటర్లు తొక్కినా, మీరు పెట్టిన శ్రమ రెండుసార్లూ ఒకటే కావచ్చు, వేగం ఆ సంగతి చెప్పదు, వాట్లు చెబుతాయి. పవర్ మీటరు ఖరీదైనది కనుక లేనివారు గుండెవేగంతో సరిపెట్టుకోవచ్చు.

చక్రం ఇరుసుకు తగిలించే వేగం సెన్సర్ చౌక, తోటల్లో జీపీఎస్ తడబడినా దూరాన్ని సరిగ్గా చెబుతుంది. దానికి చక్రపు చుట్టుకొలత మీరే ఇవ్వడం మేలు. టైరు మీద సుద్దతో ఒక గుర్తు పెట్టి, గాలి సరిగా నింపి, సైకిలు మీద కూర్చొని మరొకరి సాయంతో సూటిగా ఒక చుట్టు దొర్లించి, నేల మీద పడిన రెండు గుర్తుల మధ్య దూరాన్ని టేపుతో కొలవండి. 700×25 టైరుకు పట్టికల్లో 2105 మిల్లీమీటర్లని ఉంటుంది. మీ కొలత దానికి దగ్గరగా ఉండాలి.

వారంలో ఎక్కువ రోజులు సైకిలే తొక్కేవారు ఇంకో మాట ఆలోచించండి. తొక్కుతూ మణికట్టు తిప్పి చూడటం లారీలు తిరిగే రోడ్డు మీద ప్రమాదం. వాచీని హ్యాండిల్ బారుకు బిగించే రబ్బరు మౌంట్ దొరుకుతుంది, అయితే అప్పుడు మణికట్టు గుండెవేగం పోతుంది, ఛాతీపట్టీ తప్పనిసరి అవుతుంది. అదీ చాలదనిపిస్తే మామూలు పరుగు వాచీ ఒకటి, చిన్న సైకిల్ కంప్యూటరు ఒకటి విడివిడిగా కొనడం ఒక పెద్ద వాచీ కంటే సుఖం.

ఎత్తు, మ్యాపులు

ఎత్తు కొలిచే బారోమీటర్ కోసం మీరు ప్రత్యేకంగా డబ్బు పెట్టనవసరం లేదు. అది గాలి ఒత్తిడిని బట్టి ఎత్తును ఊహిస్తుంది. సముద్రమట్టానికి దగ్గరలో 1 హెక్టాపాస్కల్ ఒత్తిడి తగ్గితే దాదాపు 8 మీటర్లు పైకి వెళ్లినట్టు లెక్క. బంగాళాఖాతంలో వాయుగుండం పట్టి, మీరు బయట ఉన్న రెండు మూడు గంటల్లో ఒత్తిడి 5 హెక్టాపాస్కల్ పడిపోతే, ఊరి చుట్టూ తిరిగి వచ్చిన మీరు 40 మీటర్ల కొండెక్కినట్టు వాచీ రాసుకుంటుంది. ఏడాదికొకసారి మారేడుమిల్లి ఘాటుకో అరకుకో వెళ్లి తొక్కేవారికి మాత్రం అది పనికివస్తుంది.

రంగుల మ్యాపులు కూడా అవసరం కాదు, కానీ దారి గీతను చూపే సదుపాయం డెల్టాలో అనుకున్నదానికంటే ఎక్కువ ఉపయోగం. ఇక్కడ దారి తప్పడమంటే కాలువకు అవతలి గట్టున పడటం. ఊరు ఎదురుగానే కనిపిస్తుంటుంది, వంతెన మాత్రం 3 కిలోమీటర్ల అవతల ఉంటుంది. ముందుగా ఫోనులో గీసుకున్న దారిని వాచీలోకి పంపి, తప్పినప్పుడు అదిరి చెప్పే ఏర్పాటు ఉంటే చాలు.

చెమట, పట్టీ, బిల్లు

5 ఏటీఎం అని రాసి ఉంటే కదలని నీటిలో 50 మీటర్ల లోతు ఒత్తిడికి సమానమైన పరీక్షకు తట్టుకున్నదని అర్థం. వానకూ ఈతకూ అది చాలు. వాచీని పాడుచేసేది వాన కాదు, ఉప్పు. నా మొదటి వాచీ వెనుక ఛార్జింగు చుక్కలు రెండో వేసవికే ఆకుపచ్చగా చిలుమెక్కాయి. అమ్మిన కంపెనీ దాన్ని వారంటీ కిందికి రాని నష్టమంది, నేను వాదించి అలసిపోయాను. అప్పటి నుంచి ఇంటికి రాగానే వాచీని మంచినీటితో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాకే ఛార్జింగు క్లిప్పు పెడుతున్నాను. తడి చుక్కల మీద కరెంటు పారితే చిలుము ఇంకా త్వరగా పడుతుంది. పట్టీ సిలికాన్‌దైతే కడగడం తేలిక, అయితే కింద చెమట నిలిచి దద్దుర్లు వస్తాయి. నైలాన్ పట్టీ గాలి ఆడనిస్తుంది కానీ వానాకాలంలో సాయంత్రానికి కూడా ఆరక వాసన పడుతుంది. రెండూ ఉంచుకొని మార్చుకోవడం మేలు.

విదేశాల్లో ఉన్న బంధువు తెచ్చే వాచీ చౌకగా వచ్చినా, దాని వారంటీ మన దేశంలో చెల్లుతుందో లేదో ముందే అడగండి. ఇక్కడ కొంటే జీఎస్టీ బిల్లు తీసుకొని, మరమ్మతుకు ఏ ఊరికి పంపాలో, రానూపోనూ ఖర్చు ఎవరు పెట్టుకోవాలో కనుక్కోండి. మీ పరుగుల సమాచారాన్ని ఫిట్ లేదా జీపీఎక్స్ ఫైలుగా బయటికి తీసుకునే వీలు ఉందేమో చూడండి. అది లేని వాచీ మీ నాలుగేళ్ల కష్టాన్ని తన దగ్గరే బందీ చేసుకుంటుంది.

వాపసు గడువు లోపల పరీక్షించండి

కొన్న మొదటి వారంలోనే, అట్టపెట్టె పారేయకముందే, మూడు పరీక్షలు పెట్టండి. మొదటిది, సూటిగా ఉన్న కాలువ గట్టు మీద 2 కిలోమీటర్లు వెళ్లి అదే అంచున వెనక్కి వచ్చి, ఉపగ్రహ చిత్రం మీద ఆ గీతను చూడండి; పోయిన గీత, వచ్చిన గీత ఒకదానిపై ఒకటి పడాలి, మధ్యమధ్య కాస్త ఎడం ఉన్నా పరవాలేదు, మీరు కాలువలో ఈదుకుంటూ వచ్చినట్టు కనిపిస్తే మాత్రం ఆలోచించాలి. రెండోది, అదే పనిని దట్టమైన కొబ్బరి తోట రోడ్డులో, వీలైతే వాన పడిన మర్నాడు చేయండి. మూడోది, ఛాతీపట్టీ ఉన్న స్నేహితుడి దగ్గర అది ఒక్క పూట అడిగి తీసుకొని, దాన్ని ఫోనుకు కలిపి, 1 నిమిషం వేగంగా 2 నిమిషాలు నెమ్మదిగా ఆరుసార్లు పరుగెత్తి, మణికట్టు లెక్క ఎంత ఆలస్యంగా ఎక్కుతున్నదో దిగుతున్నదో పోల్చండి. ఆ పూట పూర్తయ్యాక బ్యాటరీ ఎంత తగ్గిందో గంటల లెక్కన రాసుకుంటే, కంపెనీ చెప్పిన అంకె మీ చేతి మీద ఎంత నిజమో కూడా తేలుతుంది.

అమరికల్లో రెండు మార్పులు చేసుకోండి. క్షణక్షణం మారే పేస్‌కు బదులు కిలోమీటరు ల్యాప్ సగటు పేస్‌ను స్క్రీన్ మీద పెట్టండి, నమోదును ప్రతి సెకనుకూ జరిగేలా ఉంచండి. ఇక ఆటోపాజ్ మీద, అంటే మీరు ఆగినప్పుడు నమోదును తనంతట తానే ఆపే ఏర్పాటు మీద, ఆధారపడకండి. రైల్వే గేటు దగ్గర అది బాగానే ఆగుతుంది, నరసాపురం రేవులో సైకిలుతో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు దాటేటప్పుడు మాత్రం పంటు కదులుతున్నది కనుక వాచీ దాన్ని మీ తొక్కుడుగానే లెక్కిస్తుంది. రేవులో దిగగానే బొత్తం నొక్కి ఆపి, అవతలి ఒడ్డున ఇసుక దాటి రోడ్డెక్కాక మళ్లీ నొక్కండి.